మండువా లోగిలినుండి నేటి యింటికి

నేడు మనలో నెవరైనను ఇల్లు కట్టదలచినప్పుడు మొదట పుట్టు ప్రశ్న సింహద్వారము ఏ దిక్కునకనునది. రెండవది ఈశాన్యము పెరిగినదా, తరిగినదా యనునది. మూడవది వంటగది ఆగ్నేయముననే యున్నదా యనునది. ఈ మూడింటికిని సమాధానము దొరకగానే పునాది త్రవ్వుట ఆరంభమగును. వేసవిలో గాలి ఏ వైపునుండి వీచును? అపరాహ్ణపుటెండ ఏ గోడపై పడును? వాననీరు పోవు త్రోవ యేది? ఇల్లాలు దినమునకెన్ని గంటలు పొయ్యికడ నిలువవలసియుండును, అచ్చట ఆమెకు గాలియు వెలుతురును అందునా? ఈ ప్రశ్నలను వేయువారు నూటికొకరైనను కానరారు. ఇల్లు పూర్తియైన పిమ్మట మే నెలలో నడిరేయి దాటువరకును కప్పు సెగలు గ్రక్కుచుండగా, దిక్కులన్నియు సరిగా కుదిరిన గదిలో తలుపులు బిగించుకొని ఏసీ వేసికొని పరుండుట మన గృహస్థధర్మమైనది.

దీనిని మనము సంప్రదాయమని పిలుచుచున్నాము. ఇది నిజముగా సంప్రదాయమేనా? మన పెద్దలు కట్టుకొన్న యిండ్లు ఇట్లుండెడివా? వారు వ్రాసిన గ్రంథములలో నున్నది ఇదియేనా? మేము గృహనిర్మాణవృత్తిలోనివారము కాము. బడిలో పాఠములు చెప్పుకొనువారము. అయినను సంస్కృతమున వాస్తుగ్రంథములను, ఇంగ్లీషున నేటి శిల్పుల కృషిని గూర్చిన వ్రాతలను చదివియుండుటచేత, ఆ రెంటిని దగ్గర పెట్టి చూచినపుడు మాకు తోచిన విషయమును చదువరుల యెదుట నుంచుచున్నాము.

పాత యింటినుండి మనకు మూడు వారసత్వములు సంక్రమించినవి. మొదటిది ఎండ, గాలి, నీరు, మన్ను అనువానిని గూర్చిన అనుభవజ్ఞానము. రెండవది మనుష్యులను ఎక్కువ తక్కువలుగా నిలువబెట్టు వరుస. మూడవది దిక్కులనుబట్టి భాగ్యమును నిర్ణయించు జోస్యము. మనము మొదటిదానిని పోగొట్టుకొంటిమి. మూడవదానిని గట్టిగా పట్టుకొంటిమి. రెండవదానిని తెలియకయే మోయుచున్నాము. ఇది ఎట్లు జరిగెనో విచారింతము.

నడుమ ముంగిలి గల యిల్లు శాస్త్రగ్రంథములకంటె చాల పాతది. 1922 ప్రాంతమున త్రవ్వకములు మొదలైన మొహెంజొదారో నగరమును చూడుడు. నాలుగువేల యేండ్లకు పూర్వపు ఆ పట్టణమున పెక్కు ఇండ్లకు నడుమ ముంగిలియు, దాని చుట్టును గదులును గలవు. వాకిండ్లు చాలవరకు పెద్దవీధిలోనికి గాక ప్రక్కసందులోనికి తెరచుకొనెడివి. అనేక గృహములలో స్వంత నూతులు గలవు. ఇటుకలు పరచి వాలు పెట్టిన స్నానపుగచ్చు నుండి నీరు వీధిలోని కప్పుకాలువలో కలిసెడిది. ఎత్తు ఒకటైన వెడల్పు రెండు, పొడవు నాలుగు అను ప్రమాణమున కాల్చిన ఇటుకలతో ఆ గోడలు లేచినవి. నీడ, మరుగు, మురుగునీటి దారి అను మూడింటి విలువయు శ్లోకములకెక్కకమునుపే మనుష్యుల చేతికి తెలిసియుండెనని దీనివలన స్పష్టమగుచున్నది.

ఇక గ్రంథముల మాట. ఆరవ శతాబ్దియందు అవంతీదేశమున నుండిన వరాహమిహిరుడు బృహత్సంహితలో వాస్తువిద్యకొక అధ్యాయమును కేటాయించెను. పదునొకండవ శతాబ్దిలో ధారానగరాధీశుడగు భోజరాజు పేర సమరాంగణసూత్రధారము వెలసెను. దక్షిణాపథమున మయమతము, మానసారము అనునవి ప్రసిద్ధములు. ఈ గ్రంథములను ఇంగ్లీషువారికి మొదట సవిస్తరముగ పరిచయము చేసినది రామరాజుగారు రచింపగా 1834లో లండనునందు ప్రకటింపబడిన హిందూ శిల్పశాస్త్ర వ్యాసము. మయమతమును 1919లో తిరువనంతపురమునుండియు, సమరాంగణసూత్రధారమును 1924, 25 సంవత్సరములలో బరోడానుండియు గణపతిశాస్త్రిగారు ప్రకటించిరి. కావున వాస్తుశాస్త్రమనగా నేమో చూడగోరువారికి గ్రంథములు దుర్లభములు కావు. చూడవలెనను కోరికయే దుర్లభము.

చూచినవారికి ఆ గ్రంథములలో మూడు వారసత్వములును ఒకే పడుగు పేకలుగ కలిసి కనబడును. మొదటిదానికి ఉదాహరణము భూపరీక్ష. స్థలము నడుమ మూరెడు లోతున గొయ్యి త్రవ్వి, త్రవ్విన మన్నుతోనే దానిని మరల పూడ్చవలెనని వరాహమిహిరుడు చెప్పెను. మన్ను మిగిలినచో ఉత్తమము, సరిపోయినచో మధ్యమము, చాలనిచో అధమము. మరియొక పరీక్ష యేమనగా, ఆ గోతిని నీటితో నింపి, నూరడుగులు నడచి, తిరిగివచ్చి చూడవలెను. నీరు తగ్గనిచో భూమి మంచిది. నేల గట్టిదనమును, నీరింకు గుణమును పారతో కడవతో కనుగొను సులభోపాయమిది. ఎవడు ఏ నేలపై మనస్సున ప్రీతిపొందునో వానికి ఆ నేల శుభమనియు ఆ గ్రంథకర్తయే చెప్పియున్నాడు. ఈ వాక్యమును చదివిన పిమ్మట దిక్కుల పేరు చెప్పి జనులను భయపెట్టువారి శాస్త్రము ఎంత సంకుచితమో తెలియగలదు.

నాలుగు ప్రక్కల శాలలును నడుమ అంగణమును గల చతుశ్శాలను, మూడు ప్రక్కల త్రిశాలను, రెండు ప్రక్కల ద్విశాలను, ఒక్క వరుస గదులు గల ఏకశాలను శిల్పశాస్త్రములు వర్ణించినవి. నలుదిక్కుల ద్వారములును, చుట్టును ఎడతెగని పంచపాళియు గల చతుశ్శాలకు సర్వతోభద్రమని పేరు. ధనికునికి నాలుగు వరుసలు, పేదకు ఒక్క వరుస. అయినను ఏ యింటికైనను తనదైన ఆకాశమొకటి యుండవలెనను భావము ఇందు గోచరించుచున్నది. ఈ మాటను చదువరులు జ్ఞాపకముంచుకొందురుగాక. దీనితో ముందు పనియున్నది.

రెండవ వారసత్వమును దాచుట న్యాయము కాదు. ఆ వరాహమిహిరుడే నాలుగు వర్ణములవారి ఇండ్ల వెడల్పును ముప్పదిరెండు మూరలు మొదలుకొని నాలుగేసి మూరలు తగ్గించుకొనుచు వచ్చి, అంత్యులకు పదునారు మూరలకును లోబడి విధించెను. నేల రంగును సైతము వర్ణములకు పంచిపెట్టెను: తెల్లనిది ఒకరికి, ఎఱ్ఱనిది ఒకరికి, పచ్చనిది ఒకరికి, నల్లనిది ఒకరికి. గ్రామవిన్యాసమును చెప్పునపుడు మయమతము చండాలుర కుటీరములను ఊరికి దూరముగ నుంచుమన్నది. గోతిలో నీరు పోసి చూచిన బుద్ధియే మనుష్యుని పుట్టుకను చూచి కొలబద్దను కుదించినది. శాస్త్రమంతయు విజ్ఞానమేయని వాదించు మిత్రులు ఈ భాగమును చదువనైనను లేదు, చదివియు చెప్పకుండనైనను ఉన్నారు.

మూడవదియగు దిక్కుల విషయమున ఒక్క చిన్న సంగతి చాలును. ఈశాన్యమున దేవగృహమును, ఆగ్నేయమున వంటయిల్లును, నైరృతియందు పాత్రసామగ్రి యుంచు గదిని, వాయవ్యమున ధనధాన్యములను బృహత్సంహిత విధించినది. నేడు నైరృతి యనగా యజమానుని పడకగది యనియు, దానిని తప్పించినచో కుటుంబము చెడుననియు చెప్పుచున్నారు. వరాహమిహిరుడు బిందెలు పెట్టుకొమ్మన్నచోట నేటి సిద్ధాంతి మంచము వేయించుచున్నాడు. గ్రంథమునకును ఆచారమునకును ఇంత దూరమున్నప్పుడు, గోడ నాలుగంగుళములు జరిగినదని కట్టిన యింటిని పడగొట్టి అప్పులపాలగువారిని చూచి జాలిపడుటకన్న ఏమి చేయగలము?

ఇది యిట్లుండ, మన తెలుగుదేశమున ఇండ్లు కట్టిన మేస్త్రులును వడ్రంగులును ఏమి చేసిరి? వారు శ్లోకములను వినియుందురు. కాని కట్టినది మాత్రము తమ నేలను చూచియే. గోదావరి, కృష్ణా మండలములలోని మండువా లోగిలిని తీసికొందము. వీధి అరుగెక్కి, గడప దాటి, నడవలోనుండి పోయినచో ఇంటి నడుమ నేలకన్న అడుగు లోతున పలకలు పరచిన మండువా కనబడును. నాలుగు ప్రక్కల పెంకుటికప్పులును దానివైపునకు వాలియుండును. చుట్టును కొయ్యస్తంభములమీద నిలిచిన వసారా, వసారా వెనుక గదులు, ఆవల వంటయిల్లు, పెరడు, నుయ్యి. వాన కురిసినప్పుడు నాలుగు చూరుల నీరును మండువాలో పడి తూముద్వారా బయటికి పోవును. వీధితలుపు, మండువా, పెరటితలుపు ఒకే వరుసలో నుండుటచేత రెండు తలుపులను తెరచినంతనే గాలి యిల్లంతయు దూరిపోవును. గదులలో వేడెక్కిన గాలి తేలికయై మండువా మీదుగ పైకెగయును. దాని స్థానమున నీడలోని చల్లని గాలి వచ్చి చేరును. రాత్రివేళ మండువా పలకలు తమ వేడిమిని ఆకాశమునకు విడిచి తెల్లవారుసరికి చల్లబడును. మందమైన మట్టిగోడలు పగటివేడిని మెల్లగా పీల్చుకొనుటచేత మధ్యాహ్నమున లోపల నీడపట్టున నున్నట్లుండును.

అనంతపురమున ఏటికి కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. తీరమున దానికి దాదాపు రెట్టింపు. కావుననే రాయలసీమవారు వాలుకప్పును విడిచి రాతిగోడలపై దూలములు వేసి, పైన చౌడుమన్ను మందముగ పరచి మిద్దెలు కట్టిరి. ఎండ మన్నులోనే నిలిచిపోయెడిది. కొద్దిపాటి వాన చౌడుపై జారిపోయెడిది. ఉత్తరాంధ్రతీరమున తుపానుగాలికి అడ్డు నిలువని చుట్టిండ్లు వెలసెను; తాటాకు చూరు నేలకు చేరువగ దిగియుండుటచేత గాలి దానిపైనుండి జారిపోయెడిది. తెలంగాణమున నడుమ ముంగిలి గల యింటిని భవంతి యన్నారు. ఒకే భాష మాటాడు జనులు మూడు వాతావరణములకు మూడు తీరుల ఇండ్లు కట్టుకొనిరి. ఒకే పటమును అన్ని యూళ్లకును విధించుట వారి పద్ధతి కాదు.

వంటయిల్లు ఆగ్నేయముననే యుండుటకు కారణమేమి యని యడిగినచో, వర్షాకాలపు గాలి పడమటినుండి వీచును గనుక పొగ ఇంటిలోనికి రాక తూర్పుగా పోవునని మన యాధునికులు చెప్పుదురు. ఉజ్జయినిలో ఇది చక్కని సమాధానమే కావచ్చును. కాకినాడకో మచిలీపట్టణమునకో రండు. వేసవి సాయంకాలమున మనము ఎదురుచూచు సముద్రపుగాలి ఆగ్నేయదిశనుండియే వచ్చును. ఆ మూల పొయ్యి పెట్టినచో పొగయు వేడియు ఆ గాలితోనే యిల్లంతయు నిండును. విధి ఒకటే, గాలి మారినది. కారణమును గ్రహించినవాడు విధిని మార్చుకొనును. విధిని మాత్రమే గ్రహించినవాడు పొగలో కూర్చుండును. ప్రతి విధికిని ఏదో యొక విజ్ఞానకారణము నతికించుటయు మూఢవిశ్వాసమునకు మరియొక రూపమే.

మండువాను ఇంతగా మెచ్చుకొన్నందున పాతకాలపు లోగిలియే మరల రావలెనని మా యభిప్రాయమని తలపవలదు. ఆ యింటి స్తంభముల చెక్కడమును వర్ణించువారు దాని వెనుకభాగమును వర్ణింపరు. మండువాకు వచ్చిన వెలుతురు వంటయింటికి చేరెడిది కాదు. పిడకలు, తడికట్టెలు మండించుచు, పొగగూటికి తగిన వెడల్పైనను లేని చీకటిగదిలో స్త్రీలు ఆయుస్సు గడపిరి. మైలదినములలో వారికి పెరటి మూల చోటు. భర్త పోయిన బాలిక ఏ శుభకార్యమునందును మండువాలోనికి రాక వెనుకగదిలోనే బ్రతుకవలసియుండెడిది. పాలేరు పెరటిదారిని వచ్చి పెరటిదారినే పోయెడివాడు. కొందరికి ఆ దారియు లేదు. వీధి అరుగు బాటసారికి ఆతిథ్యమిచ్చెనని గర్వింతుము. ఏ బాటసారికి ఇచ్చెనో, ఎవరిని నేలమీద నిలువబెట్టెనో అడిగినచో మాట తడబడును.

ఈ వరుసను కదిలించినవారు శిల్పులు కారు, సంస్కర్తలు. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు తమ గృహమునందే ప్రథమ వితంతువివాహమును జరిపించిరి. గోడలు పాతవే, పైకప్పు పాతదే. వెనుకగదిలో నుండవలసిన బాలిక నడుమకు వచ్చి పీటలపై కూర్చుండెను. గృహచరిత్రలో ఆ దినమునకు తగిన స్థానము నెవరును ఇచ్చినట్లు మేము చూడలేదు. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన రాజ్యాంగము పదునేడవ అధికరణముచే అస్పృశ్యతను రద్దుచేసినది. 1985 సెప్టెంబరు 5 నుండి వర్తించిన ఆంధ్రప్రదేశ్ సవరణ శాసనము ఉమ్మడి ఆస్తిలో కుమార్తెలకు కుమారులతో సమానమగు హక్కు నిచ్చినది. 2005లో దేశమంతటికిని అట్టి హక్కు వచ్చినది. ఉమ్మడికుటుంబము విడిపోయినకొలది మండువాను ఐదుగురికి పంచుట సాధ్యము కాక ఎన్నో లోగిళ్లు నేలమట్టమైనవి. కన్నులకు ఇది విచారము గొలుపును. కాని ఆ పంపకములో ఆడుబిడ్డకును వాటా వచ్చిన చోట, ఆ విచారమునకు ఒక హద్దుండవలెను.

ఇల్లు మారుటకు వేరు కారణములును గలవు. 1914లో పోరుబందరున సిమెంటు తయారీ వ్యాపారముగ నిలదొక్కుకొన్నది. క్రమముగ కాంక్రీటుకప్పు చవుకయై, పెంకులను సవరించు బాధయు చెదల భయమును తప్పించినది. ఇది మేలే. కాని పలుచని ఆ పలక పగలంతయు ఎండను త్రాగి రాత్రియంతయు గదిలోనికి విడుచును. పురపాలకసంఘముల నిబంధనలు ఇంటి చుట్టును ఖాళీ విడువుమన్నవి. అది విశాలమైన తోట నడుమ నుండు బంగళాకు పుట్టిన నియమము. రెండువందల గజముల స్థలమున అది నాలుగు ప్రక్కల నాలుగు ఇరుకుసందులైనది. ఒకప్పుడు ఇంటి నడుమనుండి అందరికిని పనికివచ్చిన ఆకాశము, ఇప్పుడు గోడకును ప్రహరీకిని నడుమ చీలికలై, చీపురులకును పాతసామానుకును నిలయమైనది. మండువా పోయెను, మందపుగోడ పోయెను, చూరు పోయెను. ఖర్చులేకుండ మిగిలినది దిక్కుల పట్టిక ఒక్కటే.

అయినను ఈ డెబ్బది యేండ్లలో పాత సూత్రములను క్రొత్త జీవితమునకు ఒప్పించి చూపిన శిల్పులు మన దేశమున లేకపోలేదు. చార్లెస్ కొరియా 1960ల ఆరంభమున అహమ్మదాబాదునందు స్వల్పాదాయముగలవారికై సన్నని పొడవైన ఇంటిని రూపొందించెను. కప్పు వాలుగ నుండి, వేడిగాలి ఆ వాలువెంట పైకి జారి శిఖరముకడ నున్న సందునుండి బయటపడును. ఆ నగరపు పాతపేటలలోని పోలులందు ఇరుకుటిండ్లకు సైతము నడుమ చౌకును, అడుగున వాననీటి తొట్టియు నుండుట అక్కడివారికి క్రొత్త కాదు. బాలకృష్ణ దోషి తన సంస్థకు వాస్తుశిల్పమని పేరిడి, ఇందూరునగరమున అరణ్యయను పేదల వాడకు రూపకల్పన చేసెను. 1995లో దానికి ఆగాఖాన్ బహుమానము వచ్చినది. ఇంగ్లండున పుట్టి మన దేశమునే తన దేశముగ చేసికొన్న లారీ బేకరు తిరువనంతపురమున ఇటుకలను పక్కవాటుగ నిలిపి నడుమ బోలు విడిచి గోడ కట్టు పద్ధతిని ప్రచారము చేసెను. అందువలన ఇటుకలలో సుమారు నాలుగవవంతు ఆదా యగును; నడుమనున్న గాలి వేడిని అడ్డగించును. కాంక్రీటుకప్పు అడుగుభాగమున పాతపెంకులను పొదిగి సిమెంటును తగ్గించెను. కిటికీలకు బదులుగ ఇటుకల జాలీలతో గాలిని రప్పించెను. 2007లో ఆయన మరణించువరకును కట్టినవానిలో పెక్కు సామాన్యుల ఇండ్లే. వీరెవ్వరును జోస్యమును ఆశ్రయింపలేదు. వీరందరును మన పాత యిండ్లకు శిష్యులు.

ప్రభుత్వమును ఈ త్రోవలో ఒక అడుగు వేసినది. 2018 డిసెంబరులో వెలువడిన గృహనియమావళికి ఎకో నివాస్ సంహిత యని పేరు. పదునాలుగువందల యేండ్ల తరువాత వెలసిన ఈ సంహితలో వర్ణమునకొక వెడల్పు లేదు. వాతావరణమునకొక కొలత యున్నది. తేమయు వేడియు గల విజయవాడ వంటి తీరప్రాంతమున తెరచుటకు వీలైన కిటికీల వైశాల్యము నేల వైశాల్యమున ఆరవవంతునకు తగ్గరాదు. హైదరాబాదు వంటి మిశ్రమవాతావరణమున ఎనిమిదవవంతునకు తగ్గరాదు. కప్పుగుండ వేడి ప్రవహించుటకును హద్దు పెట్టబడినది. నేడు మనము వేయు వట్టి కాంక్రీటుకప్పు ఆ హద్దునకు సుమారు మూడింతలు వేడిని లోనికి పంపును.

ఇప్పుడు లెక్కకు దిగుదము. నలువది అడుగుల వెడల్పు, నలువదియైదు అడుగుల పొడవు గల స్థలము సరిగా రెండువందల గజములు. దానిలో నడుమ ఎనిమిది అడుగులకు పదియడుగుల ముంగిలి విడిచినచో పోవునది ఎనుబది చదరపుటడుగులు మాత్రమే. కోతులకును దొంగలకును అడ్డుగ పైన ఇనుపవల వేయవచ్చును. వంటగది ఒక ప్రక్క ఈ ముంగిలికిని, మరియొక ప్రక్క బయటిగోడకును తెరచుకొనవలెను. అప్పుడు వంట చేయువారికి గాలియు, వెలుతురును, ఇంటిలోని మాటలును అందును. పదియడుగులకు పండ్రెండడుగుల గదికి నాలుగడుగుల ఎత్తు, రెండున్నర అడుగుల వెడల్పు గల కిటికీలు రెండు పెట్టినచో ఆరవవంతు లెక్క సరిపోవును; అవి ఎదురెదురు గోడల నుండవలెను.

ఎండ లెక్క పంచాంగమున కన్న సులభము. విజయవాడలో ఏప్రిలు మధ్యాహ్నమున సూర్యుడు ఇంచుమించు నడినెత్తిన నుండును; దక్షిణపుగోడకు రెండడుగుల చూరున్నచో ఆ గోడ యంతయు నీడలో నుండును. డిసెంబరులో మధ్యాహ్నసూర్యుడు ఏబది అంశముల ఎత్తుననే నిలుచుటచేత అదే చూరు క్రిందినుండి వెచ్చని యెండ లోనికి వచ్చును. పడమటిగోడ సంగతి వేరు. సాయంకాలపు సూర్యుడు దిగువనుండి కొట్టును గనుక చూరు పనిచేయదు. అక్కడ సామానుగదియో, స్నానపుగదియో, మెట్లో ఉంచి, బయట వేపచెట్టొకటి నాటుట మేలు. వంద చదరపు మీటర్ల కప్పుపై ఏటికి 900 మిల్లీమీటర్ల వాన కురిసినచో వచ్చు నీరు తొంబదివేల లీటర్లు. దానిని భూమిలోనికి ఇంకించు గొయ్యి ఈశాన్యమున నుండవలెనా యని యడుగవలదు. స్థలము ఏ వైపునకు పల్లమైనదో అక్కడ నుండవలెను. వీధికాలువ పడమట నున్న స్థలమున నేలను ఈశాన్యమునకు వాల్చినవారి యిండ్లలో వానకాలమున దోమలు ఎవరిని వరించునో చెప్పనక్కరలేదు.

రెండువందల గజములు గలవారికి ఇది సరి. పేదలకేమి యని చదువరులు ప్రశ్నింతురు. ఇదియే అసలు ప్రశ్న. 2020 డిసెంబరు 25న ఆంధ్రప్రదేశమున ఆరంభమైన ఇండ్లస్థలముల పంపిణీలో గ్రామములందు సెంటున్నర, పట్టణములందు ఒక సెంటు ఇచ్చుటకు నిర్ణయమైనది. సెంటనగా 48.4 చదరపు గజములు. అంతటి చోట మండువా యెక్కడిది? ఇందులకే ఏకశాలను జ్ఞాపకముంచుకొనుమంటిమి. ఒక వరుస గదులు, ముందో వెనుకనో ఆరడుగుల ముంగిలి, ఎత్తున వేడిగాలి పోవుటకు సందు, సున్నము పూసిన తెల్లనికప్పు. వీనికి ధనము కన్న యోచన ఎక్కువ కావలెను. ప్రక్కప్రక్క ఇండ్లవారు గోడలు కలుపుకొని, ఒక్కొక్కరు విడిచిన సందులను చేర్చి నాలుగిండ్లకొక ముంగిలిగ చేసికొన్నచో, ఒంటరిగ ఒక్కరికిని దక్కని ఆకాశము నలుగురికిని దక్కును. అందులకు పొరుగువాని కులమును అడుగకుండుట మొదటి నియమము. 2015 మే నెల వడగాడ్పులకు తెలుగునాట వేయిమందికి పైగా మరణించిరి. చల్లనియిల్లు భోగము కాదని ఆ సంవత్సరము మనకు నేర్పియుండవలెను.

కాబట్టి క్రొత్తగ ఇల్లు కట్టదలచిన యువకులకు మా మనవి. స్థలము కొన్న పిమ్మట వీలైనచో ఒక వేసవిని, ఒక వానకాలమును అక్కడ గమనింపుడు. గాలి వచ్చు దారిని, నీరు నిలుచు మూలను కాగితముపై గుర్తింపుడు. ఊరిలో పాత లోగిలి యేదైన మిగిలియున్నచో పోయి దాని చూరును, తూమును కొలిచి రండు. పటము గీయించునాడు మాత్రము సిద్ధాంతికన్న ముందుగ, ఇంజనీరుకన్న ముందుగ, ఇంతకాలము ఎవరును అడుగనివారిని అడుగుడు: వంటగదిలో నిలుచువారిని, మెట్లెక్కలేని ముసలివారిని, దీపము క్రింద చదువుకొను పిల్లలను, అంట్లు తోమవచ్చు పనిమనిషిని. వారు చెప్పు మాటలు ఏ దిక్కునకును సంబంధించినవి కాకపోవచ్చును. వానిని వ్రాసికొని, ఆ కాగితమును మేస్త్రి చేతికిండు.